గూటినీ ఇంటినీ ప్రేమించిన జాషువా గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. చెట్టునూ పిట్టనూ ప్రేమించి, ఇల్లాలినీ పిల్లలనూ ప్రేమించి బతికిన ఒక పెద్దమనిషి గురించి రాయమన్నారు. ముప్పయ్యారేళ్ళ సర్వీసులో నేను రాసినవన్నీ నోట్ ఫైళ్ళు, మెమోలు, రిమైండర్లు. వాటిలో చెట్టు ఉంటే వేలం వేయడానికే ఉండేది, పిట్ట ఉండేదే కాదు. అందుచేత సభ్యులు, వారి కుటుంబ సభ్యులు నా భాషలోని కరుకుదనాన్ని మన్నించి చదువుకోవలసిందిగా ప్రార్థన.

ఎవరిని గురించి రాయాలా అని నేను ఎక్కువ ఆలోచించలేదు. మన గుంటూరు గడ్డ మీద పుట్టి, ఇక్కడే కన్నుమూసిన మహాకవి గుఱ్ఱం జాషువా గారి పేరే మొదట తోచింది. ఆయనను గురించి సభల్లో ఎక్కువగా ఒక్క సంగతే చెబుతారు. అంటరానితనాన్ని ఎదిరించిన కవి అంటారు. అది నిజమే, అందులో సందేహం లేదు. కానీ పిచ్చుక గూటిని, సాలెపురుగును, పొత్తిళ్ళలోని పసివాడిని ఆయన అంతసేపు నిలబడి చూశారన్న సంగతి మనలో చాలామంది చిన్నప్పుడు బడిలో చదివి, పెద్దయ్యాక మరిచిపోయారు. ఆ రెండూ వేరువేరు సంగతులు కావని నాకు ఈ మధ్యనే అర్థమైంది.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. అప్పటి గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కులస్థురాలు. నూట ముప్పయి ఏళ్ళ కిందటి పల్లెటూళ్ళో అలాంటి పెళ్ళి చేసుకుని కాపురం నిలబెట్టుకున్న ఆ దంపతులకు ఎంత గుండె నిబ్బరం ఉండాలో మీరే ఊహించుకోండి. వారు క్రైస్తవం పుచ్చుకున్నారు. అందువల్ల బడికి దారి దొరికింది గాని, ఊరి చూపు మాత్రం మారలేదు.

వినుకొండ చూసినవారికి తెలుసు. ఊరి నెత్తిన కొండ, కొండ మీద రామలింగేశ్వరస్వామి గుడి, చుట్టూ వానను నమ్ముకున్న పొలాలు. సాగర్ కాలువ అప్పటికి లేదు. ఆ కాలువకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. జాషువా గారి చిన్నతనంలో అదంతా మెట్ట. వాన పడితే పచ్చన, పడకపోతే నెర్రెలు. బడిలో చేరేదాకా ఆయన బాల్యం ఆ పొలాల మధ్య హాయిగానే గడిచింది. బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. కష్టాలన్నీ బడి గడప దగ్గర మొదలైనాయి. కులం పేరు పెట్టి తోటి పిల్లలు ఎగతాళి చేస్తే ఏడ్చి ఇంటికి రాలేదు, తిరగబడి కొట్టారు. కొట్టే చేతికే తర్వాత కలం వచ్చిందన్నమాట.

పొలంలో పిట్ట ఆయనను కులం అడగలేదు. ఇది నా ఊహే గాని, తర్వాత ఆయన రాసిన పద్యాలు చదివితే ఈ ఊహ తప్పని అనిపించదు. మనుషుల మధ్య చోటు దొరకని పిల్లవాడు చెట్ల మధ్య ఎక్కువసేపు గడుపుతాడు. ఎక్కువసేపు గడిపినవాడికే గిజిగాడు గూడు ఎలా అల్లుతుందో కనిపిస్తుంది.

ఆ గిజిగాడి సంగతి కొంచెం చెప్పనివ్వండి. మా ఊళ్ళో మోటబావి మీదికి ఒరిగిన తుమ్మచెట్టుకు ఏటా తొలకరి తర్వాత పాతిక ముప్పయి గూళ్ళు వేలాడేవి. ఆరో తరగతిలో జాషువా గారి గిజిగాడి పద్యాలు చెప్పవలసి వచ్చినప్పుడు మా తెలుగు మాస్టారు పుస్తకం మూయించి, క్లాసు మొత్తాన్ని ఆ బావి దగ్గరికి నడిపించారు. మీరు చూడవలసింది ఇదీ, చదవడం తర్వాత అన్నారు. అక్కడ గంటసేపు కూర్చున్నాం. పసుపు రంగు తల ఉన్న మగపిట్ట గడ్డిపోచలు, తాటాకు ఈనెలు సన్నగా చీల్చి తెచ్చి ముడి వేస్తుంటే, ముక్కుతో అంత పని ఎలా చేస్తుందా అని మేము నోళ్ళు తెరిచి చూశాం.

తర్వాత పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది ఏమంటే, ఒక గూడు పూర్తి కావడానికి మగపిట్టకు సుమారు 18 రోజులు పడుతుంది, దాదాపు 500 సార్లు పోచలు మోసుకు రావాలి. సగం అల్లి, టోపీలా ఉన్నప్పుడే ఆడపిట్టలు వచ్చి చూసుకుంటాయి. నచ్చితేనే మిగతా సగం అల్లుతుంది, గొట్టంలాంటి వాకిలి పెడుతుంది. నైరుతి గాలివాన నేరుగా తగలకుండా చాలావరకు చెట్టుకు తూర్పు పక్కన కడుతుంది. లోపల మట్టి ముద్దలు అతికిస్తుంది. ఆ మట్టికి మిణుగురులను అంటించి దీపం పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. అది నిజం కాదని శాస్త్రజ్ఞులు అంటారు గాని, నాయనమ్మ మాటే బాగుంది. ఇంకో రహస్యం కూడా చెప్పాలి. ఆడపిట్ట గుడ్లు పెట్టగానే మగ గిజిగాడు పక్కన మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. గుడ్లు పొదిగేది తల్లి ఒక్కతే. కనుక అది గొప్ప తాపీమేస్త్రీయే గాని, గొప్ప సంసారి మాత్రం కాదు. ఇది చెబితే మా ఇంటావిడ, ఆ సంగతి మాస్టారు బావి దగ్గర ఎందుకు చెప్పలేదో అని నవ్వింది.

మళ్ళీ జాషువా గారి దగ్గరికి వద్దాం. 1910లో, పదిహేనేళ్ళ వయసులో, మేరీ గారితో ఆయనకు వివాహమైంది. అప్పుడు మిషను బడిలో ఉద్యోగం, జీతం నెలకు 3 రూపాయలు. 1973లో నేను గుమాస్తాగా చేరినప్పుడు వచ్చిన రెండు వందల చిల్లర చాలడం లేదని గొణుక్కునేవాణ్ణి. మూడు రూపాయలతో ఇల్లు మొదలుపెట్టిన ఆ దంపతులను తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆ మూడు రూపాయల ఉద్యోగం కూడా నిలవలేదు.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఆయన సర్వీసు రిజిస్టరు తిరగేస్తే ఏ పెన్షను సెక్షను గుమాస్తాకైనా తల తిరుగుతుంది. 1915-16లో రాజమండ్రిలో సినిమా వాచకుడి పని. అప్పటి సినిమాలకు మాట లేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు గట్టిగా చదివి వినిపించాలి. తర్వాత గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు. 1928 నుంచి 1942 దాకా గుంటూరులోనే తెలుగు పండితులు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకులు. 1957-59లో మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. 1964లో శాసనమండలి సభ్యులు. ఇన్ని చోట్లకు ఇల్లు మోసుకుంటూ తిరిగిన మనిషి వెనుక గిన్నెలు సర్దుకుని నడిచిన ఇల్లాలు ఒకరున్నారు. కవుల జీవిత చరిత్రల్లో ఆ భాగం ఎప్పుడూ రెండు వాక్యాలకు మించదు. నా వ్యాసంలోనూ మించడం లేదు, ఎందుకంటే నాకు తెలిసింది అంతే.

పద్యం ఆయనకు ఎవరూ వడ్డించలేదు. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి స్నేహంలో కవిత్వం మీద మోజు పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఆ కాలంలో ఆ కులంలో పుట్టిన కుర్రవాడికి కాళిదాసును చదివి చెప్పిన గురువును కూడా మనం మరవకూడదు. ఉభయభాషా ప్రవీణ అయ్యారు. అయినా వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతనిని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు పెద్దలు లేచారు. ఇటు హిందూ పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ మత పెద్దలు వెలివేశారు. రెండు వాకిళ్ళూ మూసుకున్నాయన్నమాట.

తన పద్యం విని ముచ్చటపడి, తెగ మెచ్చుకుని, మీదే కులం అని అడిగి, చెప్పగానే మొహం మాడ్చుకుని లేచిపోయేవారిని గురించి ఆయన ఒక పద్యంలోనే చెప్పుకున్నారు. పద్యాన్ని మెచ్చుకున్న చెవి అదే, కులం విన్న చెవీ అదే. మధ్యలో ఏం జరిగిందో ఆ చెవికే తెలియాలి.

ఇలాంటి మనిషి మేఘసందేశం చదివాక ఏం చేశారన్నది చాలా గొప్ప సంగతి. కాళిదాసు యక్షుడు విరహంతో మేఘం చేత భార్యకు కబురు పంపాడు. జాషువా గారి నాయకుడు తంజావూరు ప్రాంతపు అంటరాని పేదవాడు. అతనికి మేఘం ఎక్కడ దొరుకుతుంది! పగలంతా చాకిరీ చేసి, గుడిసెలో ఆముదపు దీపం పెట్టుకుని కూర్చుంటే, ఒక గబ్బిలం లోపలికి వచ్చింది. దాని రెక్కల గాలికి ఆ దీపమూ ఆరిపోయింది. చీకట్లో అతను ఆ గబ్బిలంతోనే తన గోడు చెప్పుకుని, కాశీ విశ్వనాథుడికి విన్నవించమంటాడు. ఎందుకు గబ్బిలం? గుడిలోకి మనిషిని రానివ్వరు గాని, గర్భగుడి చూరులో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని ఎవరూ వెళ్ళగొట్టరు. దేవుడి చెవికి దగ్గరగా వేలాడేది అదే. 1941లో వచ్చిన గబ్బిలం కావ్యంలో తెలుగు జనాన్ని కదిలించింది ఆ ఒక్క చూపే.

ఇందులో నేను గమనించమనేది ఇంకొకటి ఉంది. గబ్బిలం అంటే మనకు అపశకునం. ఇల్లు దూరితే శాంతి చేయించేవారు. చూడటానికి ఇంపైనది కాదు. కోకిల, చిలుక, హంసలను కవులందరూ పంచుకున్నాక మిగిలినదాన్ని ఆయన చేరదీశారు. సాలెపురుగూ అంతే. చీపురుతో దులిపి పారేసే దాన్ని, కడుపులోంచి దారం తీసి, మగ్గం లేకుండా నేత నేసే పనివాడిగా చూసి పద్యాలు రాశారు. అందరూ అసహ్యించుకునేదాన్ని దగ్గరగా చూడగలగాలంటే, తనను అలా చూసినప్పుడు ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి. ఇందాక రెండూ వేరు కావని చెప్పింది ఇందుకే.

మన పత్తి రైతులకు ఇంకో మాట. పురుగులను తినే గబ్బిలాలు రాత్రిపూట పత్తి కాయ తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగులను పట్టి తింటాయి. 1987లో పత్తికి తెల్లదోమ పట్టి మన గుంటూరు, ప్రకాశం రైతులు అప్పుల పాలై కొందరు ప్రాణాలే తీసుకున్న రోజుల్లో, మందు మీద మందు కొట్టాం గాని, చింతచెట్లు, పాడుపడ్డ గుళ్ళు మనకేం మేలు చేస్తున్నాయో ఆలోచించలేదు. మా ఊరి తుమ్మచెట్టుకు ఇప్పుడు గూళ్ళు లేవు. అసలు తుమ్మచెట్టే లేదు, బావిని పూడ్చేశారు.

ఇక ఇంటి సంగతి. పసిబిడ్డ మీద ఆయన రాసిన శిశువు పద్యాలను ఘంటసాల గారు పాడారు. మన తరం వారి ఇళ్ళల్లో రేడియో ఉంటే అవి వినని తల్లి ఉండదు. తొమ్మిది నెలలు అమ్మ కడుపులో ఉండి, ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పలేని కొత్త చుట్టం మన ఇంట్లోకి వస్తే ఎలా చూసుకుంటామో, ఆ ముచ్చట అంతా అందులో ఉంది. ఊయల పక్కన రాత్రులు మేలుకున్న తండ్రి తప్ప ఇంకొకరు రాయగలిగిన పద్యాలు కావవి. 1943లో వచ్చిన ముంతాజ్ మహల్ చచ్చిపోయిన ఇల్లాలిని మరవలేని భర్త కథ. ఆయన కావ్యాలు వరసగా చూడండి, రాజుల యుద్ధాలు తక్కువ, ఇల్లు, తల్లి, బిడ్డ, అనాథ, ఆకలి ఎక్కువ.

1932లో ఫిరదౌసి వచ్చింది. గజనీ మహమ్మదు పద్యానికి ఒక బంగారు నాణెం ఇస్తానని పారశీక కవి ఫిరదౌసి చేత ముప్పయ్యేళ్ళు షానామా రాయించుకుని, చివరకు వెండి నాణేలు పంపాడని కథ. కవి మనసు విరిగి వెళ్ళిపోయాడు. సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి ఒక వాకిలి నుంచి ఒంటెలు వస్తున్నాయి, ఇంకో వాకిలి నుంచి కవి శవం వెళుతోంది. ఆ బంగారాన్ని కవి కూతురు ముట్టలేదంటారు. మాట తప్పిన ప్రభువు కథను మన జాషువా గారు ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పనక్కర లేదు. జీతం రాక, రావలసిన మర్యాద రాక ఎదురుచూసినవారికి తెలుస్తుంది. డి.ఏ. బకాయిల కోసం ఎదురుచూసే మనబోటివారికి కూడా కొంచెం తెలుస్తుంది.

చిత్రమేమిటంటే, అదే 1932లో ఆయనకు కూతురు పుట్టింది. ఆవిడే హేమలత గారు. మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో చదువుకున్నారు. 1960లో నాస్తికోద్యమ నాయకులు గోరా గారి కుమారుడు లవణం గారిని వివాహం చేసుకున్నారు. గోరా గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి అన్నీ వదులుకున్నవారు. కులాంతర వివాహపు బిడ్డ అయిన జాషువా గారి ఇంట, ఆరు దశాబ్దాలకు పైగా గడిచాక మళ్ళీ ఒక కులాంతర వివాహం జరిగింది.

ఆ దంపతులు చేసిన పని మన జిల్లావారికి బాగా తెలియాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఉన్నది కదా. బ్రిటిషు ప్రభుత్వం ఒక జాతి మొత్తానికి నేరస్థులని ముద్ర వేసి, 1913లో కంచె వేసినట్లు అక్కడ కాలనీ పెట్టించింది. ఆ ఊరి పేరు చెబితే సంబంధం ఇవ్వరు, ఉద్యోగం ఇవ్వరు. 1970ల నుంచి లవణం, హేమలత గార్లు అక్కడికి వెళ్ళి, వారి ఇళ్ళల్లో కూర్చుని, వారితో తిని, మగవారిని దొంగతనాల నుంచి, పిల్లలను ఆ ముద్ర నుంచి తప్పించడానికి ఏళ్ళ తరబడి పనిచేశారు. తర్వాత నిజామాబాదు జిల్లాలో జోగినీ ఆచారం మీద పోరాడారు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. హేమలత గారు మా నాన్నగారు అని తండ్రి మీద పుస్తకం రాశారు. తండ్రి పేర ఫౌండేషను పెట్టి కవులను సత్కరించారు. 2008లో కన్నుమూశారు. అందరూ దులిపేసేదాన్ని దగ్గరికి వెళ్ళి చూడటం తండ్రి పద్యంలో చేశారు, కూతురు ఊళ్ళోకి వెళ్ళి చేసింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మా నాన్నగారికి నాటకాల పిచ్చి. ముఖ్యంగా బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకం. అందులో కాటిసీను అంటే పది మైళ్ళు బండి కట్టించుకుని వెళ్ళేవారు. కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారి శ్మశానం మీద పద్యాలు అందుకుంటే జనం వన్స్ మోర్లు కొట్టేవారు. కవి కలం, రాజు ముద్రిక, ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె అన్నీ ఇక్కడి మంటల్లోనే కలిసిపోయాయని సాగే ఆ పద్యాలు నాన్నగారికి నోటికి వచ్చు. మిరపకల్లంలో రాత్రి కాపలా పడుకున్నప్పుడు నక్షత్రాల కింద పాడుతుంటే పక్క కల్లాలవాళ్ళు కూడా లేచి కూర్చునేవారు. అంటరానితనానికి ఈ చోట తావు లేదని చెప్పే పద్యాన్ని ఆయన ఇంకా సాగదీసి పాడేవారు.

ఆ పద్యాలు బలిజేపల్లి వారివే అని నాన్నగారి నమ్మకం. నాన్నగారే కాదు, ఊళ్ళన్నీ అలాగే అనుకునేవి. నిజానికి అవి జాషువా గారి శ్మశానవాటిలోవి. నటులు వాటిని నాటకంలోకి తెచ్చుకుంటే, నాటకంలో భాగమే అన్నంతగా అతుక్కుపోయాయి. హైస్కూల్లో ఒకరోజు మాస్టారు ఈ సంగతి చెబితే నేను పరుగున వచ్చి నాన్నగారితో చెప్పాను. నేనేదో గొప్ప విషయం కనిపెట్టినట్టు ఉత్సాహంగా, ఆయన ఫలానా కులం అని కూడా చెప్పాను.

నాన్నగారు ఏమీ అనలేదు. చూరు వైపు చూశారు. మా వసారా చూరులో ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. పొలం పనికి వచ్చే మాలమాదిగ పల్లెల వాళ్ళకు మజ్జిగో, టీయో అందులో పోసేవారు. వాళ్ళే తాగి, వాళ్ళే కడిగి, మళ్ళీ చూరులో పెట్టేవారు. కొన్నాళ్ళు నాన్నగారు ఆ పద్యం పాడలేదు. తర్వాత మళ్ళీ పాడారు, ఇదివరకటికంటే బాగానే పాడారు. నా చేత పుస్తకం తెప్పించి మిగతా పద్యాలూ చదివించుకున్నారు. అక్షరం ముక్క రాని మనిషి, వారం రోజుల్లో అవీ నేర్చేశారు. పాడే ముందు ఇది జాషువా గారి పద్యం అని గారు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. కానీ గ్లాసు మాత్రం చూరులోనే ఉంది. నేను తీయలేదు. తీయాలని తోచలేదు అనడం అబద్ధం. తోచింది, నాయనమ్మకు భయపడ్డాను. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసినప్పుడు సామానుతోపాటు అదీ ఎటో పోయింది.

జాషువా గారికి రావలసిన గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. పండితుడైన బ్రాహ్మణ వృద్ధుడు ఆ పాదం పట్టుకున్న దృశ్యం మన సాహిత్యంలో చెప్పుకోదగినది. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వెలివేసిన మత పెద్దలు అప్పుడేమనుకున్నారో! 1966లో నాగార్జునసాగరం మీద కావ్యం రాశారు, నా కథ పేర తన జీవితాన్ని పద్యాల్లో చెప్పుకున్నారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, అదే ఏడు ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

అప్పుడు నేను గుంటూరులోనే ఉన్నాను. 1969 నుంచి ఇక్కడ కాలేజీలో చదువుతూ, గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆ రెండేళ్ళూ ఆయన, నేనూ ఒకే ఊళ్ళో ఉన్నాం. నాన్నగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఒకసారి ఆయన ఇంటికి తీసుకెళ్ళరా, దణ్ణం పెట్టి వస్తాను అనేవారు. పరీక్షలు అయ్యాక వెళదాం నాన్నా అనేవాణ్ణి. ఒకసారి సినిమాకు టిక్కెట్లు దొరికాయని తప్పించుకున్నాను. పెద్ద కవి దగ్గరికి పంచె కట్టిన రైతును వెంటబెట్టుకుని వెళ్ళడం నాకు నామోషీ అనిపించిందేమో, ఇప్పుడు ఆలోచిస్తే అదే కారణం అనుకుంటాను. మరునాడు పేపరులో వార్త చూసి, సాయంత్రం బస్సుకు ఊరు వెళ్ళి నాన్నగారికి చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి వసారాలో కూర్చుని శ్మశానవాటి పద్యాలన్నీ మొదటి నుంచి చివరి దాకా పాడారు. అది కల్లాల కాలం కాదు, వినడానికి పక్కన ఎవరూ లేరు. వాకిట్లో మా పాలేరు నిలబడి విన్నాడు. పాట అయ్యాక నాన్నగారు లోపలికి వెళ్ళి మంచినీళ్ళ చెంబు తెచ్చుకుని తాగి, అదే చెంబు అతని చేతికిచ్చారు. నాయనమ్మ చూసింది గాని ఏమీ అనలేదు. అతనే చెంబు ఎత్తిపట్టి, అంచు తగలకుండా తాగి, కడిగి గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వచ్చే సెప్టెంబరు 28 సాయంత్రం మన సంఘం హాలులో జాషువా గారి జయంతి జరుపుదామని కార్యవర్గం అనుకుంటోంది. మన సభ్యులలో ఒకరు, ఖజానా శాఖలో పనిచేసి రిటైరైనవారు, ఒకప్పుడు హరిశ్చంద్ర వేషం కట్టిన మనిషి, శ్మశానవాటి పద్యాలు పాడటానికి ఒప్పుకున్నారు. గొంతు మునుపటిలా లేదంటున్నారు గాని, గత ఆదివారం మా ఇంట్లో రెండు పద్యాలు పాడి వినిపించారు, బాగానే ఉంది. మా మనవరాలు గిజిగాడి పద్యాలు అప్పజెబుతానంటోంది. దానికి గూడు చూపిద్దామని మొన్న నరసరావుపేట వెళ్ళే దారిలో ఆటో ఆపించి, కాలువ గట్టున తాటిచెట్టుకు వేలాడుతున్న ఏడు గూళ్ళు చూపించాను. వాటిలో రెండు ఇంకా సగమే అల్లి ఉన్నాయి.